చక్రం కింద మనిషి

ఓడలు బండ్లవుతాయనీ, బండ్లు ఓడలవుతాయనీ మనకో సామెత వుంది. కలిమిలేములు కావడి కుండలంటాం. పూలమ్మిన చోటనే కట్టెలమ్మవలసి వచ్చిందని ఎవరి గురించో చెప్పుకుని నిట్టూరుస్తాం. ఈ మూడూ ఒకే మాటను మూడు రకాలుగా చెప్పడమే గదా! పైకి పోయినవాడు పైనే వుండడు, కిందపడ్డవాడు కిందనే వుండడు అన్నది ఆ ఒక్క మాట. కిందపడ్డవాడికి అది ఓదార్పు. పైనున్నవాడికి హెచ్చరిక. చూసేవాళ్ళకు మాత్రం మంచి కాలక్షేపం.

ఇదే మాటను ఇటలీ దేశంవాళ్ళు బొమ్మగా గీసి పేకముక్క మీదికి ఎక్కించారు. టారో పేక అని ఈమధ్య మన పట్నాల్లో తరచు వినిపిస్తోందే, అందులో పదో నెంబరు ముక్క అది. పేరు భాగ్యచక్రం. హైదరాబాదులోనూ విజయవాడలోనూ ఇప్పుడు టారో చూసి జాతకం చెప్పేవాళ్ళున్నారు. గడప దాటకుండా సెల్‌ఫోన్‌లోనే ముక్కలు తీయించుకునే ఏర్పాటు కూడా వుంది. ఎవరికైనా ఈ చక్రం ముక్క వచ్చిందంటే, "మీకు దశ తిరగబోతోందండీ" అని చెపుతారు. అదే ముక్క తలకిందులుగా వస్తే కొంచెం గొంతు తగ్గించి, "కొన్నాళ్ళు ఓపిక పట్టాలి" అంటారు.

ఇందులో మనకు వింతేముంది గనక! రావిచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్న చిలక జోస్యుడు చేసిందీ ఇదే. పంజరం తలుపు తీస్తే చిలక వయ్యారంగా బయటకు నడిచివచ్చి, వరసగా పేర్చిన ముక్కల్లోంచి ఒకటి ముక్కుతో లాగి, ఒక్క గింజ పుచ్చుకుని మళ్ళీ పంజరంలోకి వెళ్ళిపోయేది. ముక్క మీద రాములవారో, ఆంజనేయస్వామో, ఒక్కోసారి శనీశ్వరుడో వుండేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకల్ని పట్టి పంజరంలో పెట్టడం నేరం. అంచేత చిలక జోస్యులు బాగా తగ్గిపోయారు. ముక్కలు తీయించుకోవాలన్న కోరిక మాత్రం తగ్గినట్టు లేదు.

ఆ కోరిక మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి నేను కూర్చోలేదు. నన్ను ఆకర్షించింది ఆ ముక్క మీది బొమ్మ. ఐదారు వందల ఏళ్ళలో ఆ బొమ్మ చాలా మారింది. ఆ మార్పులో ఒక మనిషి మాయమైపోయాడు. అతను ఎవరో, ఎలా మాయమయ్యాడో చెప్పి, ఆ తరవాత మిమ్మల్ని మన ప్రకాశం జిల్లా పడమటి దిక్కున వున్న దొనకొండకు తీసుకువెడతాను. మిలాన్ నగరం పేకముక్కకూ దొనకొండ స్టేషనుకూ సంబంధమేమిటని ఇప్పుడే అడక్కండి. అక్కడికి వెళ్ళాక మీకే తెలుస్తుంది.

*

టారో పేక పుట్టింది జోస్యం కోసం కాదు, ఆడుకోవడం కోసం. 15వ శతాబ్దంలో ఇటలీ ఉత్తర భాగంలో, మిలాన్, ఫెరారా ప్రభువుల కొలువుల్లో అది మొదలైంది. మనం ఆడే పేకలో జోకరు ఎలా కలిసి వుంటుందో, అలాగే వాళ్ళు మామూలు పేకకు ఇరవై రెండు బొమ్మ ముక్కలు కలిపారు. మొత్తం 78. ఆ ఇరవై రెండింట్లో రాజు, రాణి, సన్యాసి, సూర్యుడు, చంద్రుడు, మృత్యువు ఇలా లోకంలో వున్నవన్నీ వుంటాయి. భాగ్యచక్రం వాటిల్లో ఒకటి.

ఇప్పటికి మిగిలిన పాత పేకల్లో బాగా పేరున్నది విస్కాంటీ-స్ఫోర్జా పేక. దాదాపు 1450 ప్రాంతంలో మిలాన్ ప్రభువుల కోసం బంగారు రేకు అద్ది, చేత్తో చిత్రించింది. అందులో 74 ముక్కలు మిగిలాయి. కొన్ని న్యూయార్క్‌లో, కొన్ని ఇటలీలోని బెర్గామోలో వున్నాయి. ఆ పేక సొంతదారు ఫ్రాన్సిస్కో స్ఫోర్జా కథ కూడా చక్రం లాంటిదే. కూలికి యుద్ధాలు చేసే ఒక సేనానికి అక్రమ సంతానంగా పుట్టి, తానూ అదే వృత్తిలో పైకి వచ్చి, మిలాన్ ప్రభువు కూతుర్ని పెళ్ళాడి, 1450లో తానే ప్రభువయ్యాడు. అటువంటివాడి చేతిలో ఈ ముక్క పడ్డప్పుడు ఏమనుకున్నాడో!

బొమ్మ ఇలా వుంటుంది. మధ్యలో ఒక చక్రం. ఇరుసు దగ్గర కళ్ళకు గంతలు కట్టుకుని రెక్కలతో భాగ్యదేవత. చక్రానికి నలుగురు మనుషులు. ఒకడు పైకి ఎక్కుతున్నాడు, ఒకడు పైన కూర్చున్నాడు, ఒకడు తలకిందులుగా దిగజారుతున్నాడు, ఒకడు కింద వున్నాడు. రాజ్యం ఏలబోతున్నానని ఒకడు, ఏలుతున్నానని ఒకడు, ఏలేశానని ఒకడు, నాకు రాజ్యమే లేదని ఒకడు అంటున్నట్టు లెక్క. ఇంతవరకు మన కావడి కుండల సామెతే. కాని చిత్రకారుడు అక్కడితో ఆగలేదు. పైకి ఎక్కేవాడికి గాడిద చెవులు మొలిపించాడు. పైన కూర్చున్నవాడికీ గాడిద చెవులే. దిగజారేవాడికి గాడిద తోక. ఇక కింద వున్నవాడు నెరిసిన గడ్డంతో, చిరుగుబట్టలతో, మోకాళ్ళ మీదా చేతుల మీదా వంగి, మొత్తం చక్రాన్ని వీపు మీద మోస్తున్నాడు. చెవుల్లేవు, తోకా లేదు. నలుగురిలో పూర్తిగా మనిషి ఆయన ఒక్కడే!

ఎంత ధైర్యం చూడండి. డబ్బిచ్చి పేక చేయించుకుంటున్న ప్రభువు చేతిలోనే ఈ బొమ్మ పెట్టడమంటే! ఆ కాలంలో ఐరోపావాళ్ళకు ఈ చక్రం తెలిసిందే. ఆరో శతాబ్దంలో బొయీతియస్ అనే రోము మంత్రి రాజద్రోహ నేరం మీద చెరసాలలో పడి, దాదాపు 524 ప్రాంతంలో మరణశిక్షకు గురయ్యాడు. ఆ చెరసాలలోనే ఆయన రాసిన గ్రంథంలో భాగ్యదేవత స్వయంగా మాట్లాడుతుంది. చక్రం తిప్పడమే నా ఆట, ఎక్కేటప్పుడు సంతోషించినవాడివి దిగేటప్పుడు ఏడవడం ఏం న్యాయం అన్న ధోరణిలో వుంటాయి ఆమె మాటలు. వెయ్యేళ్ళపాటు చర్చిగోడల మీదా, పుస్తకాల్లోనూ ఆ చక్రం తిరుగుతూనే వుంది. అది ముఖ్యంగా రాజులకోసం గీసిన బొమ్మ. నీకు రేపేమవుతుందో చెప్పే బొమ్మ కాదు. నీ కింద ఎవరున్నారో చూసుకోమని చెప్పే బొమ్మ.

*

తరవాత కాలంలో ఇది ఫ్రాన్సుకు వెళ్ళింది. చెక్క అచ్చులతో వేలకొద్దీ అచ్చువేసే చౌక పేకలు వచ్చాయి. మార్సేయి పద్ధతి పేక అంటారు దాన్ని. అందులో చక్రం మీద మూడే ఆకారాలు మిగిలాయి. అవీ మనుషులు కావు, కోతుల్లాంటి జంతువులు. ఒకటి ఎక్కుతూ, ఒకటి దిగుతూ, ఒకటి కిరీటమూ కత్తీ పట్టుకుని పైన కూర్చుంటూ. కళ్ళకు గంతలు కట్టుకున్న దేవత లేదు. కింద మోసే ముసలాయనా లేడు. చక్రానికి ఒక పిడి మాత్రం వుంది, బావి గిలకకు వున్నట్టు. ఆ పిడి పట్టుకుని తిప్పే చెయ్యి మాత్రం బొమ్మలో కనిపించదు.

ఆ తరవాత 1781లో కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు, ఈ పేక ప్రాచీన ఈజిప్టు పూజారులు దాచిపెట్టిన జ్ఞానమని గ్రంథం రాశాడు. ఈజిప్టు లిపిని చదవడం షాంపోలియన్‌కు పట్టుబడింది 1822లో. అంటే ఆ లిపిలో ఒక్క అక్షరం చదవగలవాడు లేని రోజుల్లో ఈయన ఆ మాట రాశాడన్నమాట! అయినా జనానికి నచ్చింది. కొద్ది ఏళ్ళలోనే ఎతెయ్యా అనే పేరుతో ఒకాయన టారోతో జోస్యం చెప్పడాన్ని వృత్తిగా చేసుకుని పుస్తకాలు అచ్చువేశాడు. మూడు వందల ఏళ్ళకు పైగా ఆటగా వున్నది అలా శాస్త్రమైపోయింది.

ఇప్పుడు మన పట్నాల్లో కనిపించే ముక్కలు చాలావరకు 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ అచ్చువేసిన పేకకు నకళ్ళు. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే ఆయన ఎలా వుండాలో చెపితే, పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసింది. ఆ పేకలో భాగ్యచక్రం మబ్బుల్లో తేలుతూ వుంటుంది. పైన కత్తి పట్టుకున్న స్ఫింక్స్, ఒక పక్క దిగే పాము, ఇంకో పక్క ఎక్కుతున్న నక్కతల దేవుడు. చక్రం చుట్టూ గూఢాక్షరాలు. నాలుగు మూలలా మనిషి, గద్ద, సింహం, ఎద్దు రెక్కలతో కూర్చుని పుస్తకాలు చదువుకుంటూ వుంటాయి. చూడడానికి గంభీరంగా వుంటుంది. కాని చక్రం మీద మనిషన్నవాడు ఒక్కడూ లేడు. వీపు మీద మోసే ముసలాయన కాదుగదా, పడిపోయే రాజు కూడా లేడు. ఒకప్పుడు రాజుకు బుద్ధి చెప్పిన బొమ్మ, చివరికి ఎవరికి వారు తమ రేపటి గురించి అడుక్కునే బొమ్మయింది.

ఇందులో ఇంకో సంగతి వుంది. పమేలా స్మిత్ కొద్ది నెలల్లో ఆ పేక అంతా గీసింది. పని చాలా ఎక్కువ, డబ్బు చాలా తక్కువ అని స్నేహితుడికి ఉత్తరం రాసుకుంది. ఆ పేక లక్షల్లో అమ్ముడుపోయింది గాని, ప్రతి పేక మీదా ఆమెకు వాటా అంటూ లేదు. 1951లో ఇంగ్లండులో బ్యూడ్ అనే చిన్న ఊళ్ళో అప్పులతోనే కన్నుమూసింది. పేకకు చాలాకాలం అచ్చు కంపెనీ పేరు, వెయిట్ పేరు మాత్రమే వుండేవి. ఆమె పేరు కూడా కలిపి చెప్పడం ఇటీవల వచ్చిన అలవాటు. బొమ్మలోంచి ముసలాయన పోయాడు గాని, ఆయన చోటు ఖాళీగా లేదు. బొమ్మ గీసిన మనిషే అక్కడ వుంది.

*

మన దగ్గర ఈ చక్రం లేదా అంటే, ఎందుకు లేదు! మేఘసందేశంలో కాళిదాసు యక్షుడు దూరాన వున్న భార్యకు చెప్పి పంపిన ఓదార్పు ఇదే. సుఖదుఃఖాలు బండిచక్రపు అంచులాగా పైకీ కిందికీ వస్తూ వుంటాయంటాడు. వైకుంఠపాళిలో నిచ్చెనలూ పాములూ వున్నాయి. పరమపదానికి చేరువగా వెళ్ళి పెద్దపాము నోట్లో పడి కిందికి జారడం తెలియని తెలుగు పిల్ల వుంటుందా? ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఒక్కొక్క రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని అంకెలు వేసి మరీ చెపుతారు. అవమానానికి కూడా లెక్క కట్టిన జాతి మనది!

మిలాన్‌లో ఆ పేక చిత్రించడానికి కొద్దికాలం ముందే మన శ్రీనాథుడు ఆ చక్రం మీద పూర్తి చుట్టు తిరిగివచ్చాడు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి. విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టును ఓడించి కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు. కొండవీటి రాజ్యం కూలిపోయాక పోషించేవాళ్ళు పోయారు. చివరి రోజుల్లో బొడ్డుపల్లిని గుత్తకు తీసుకుంటే కృష్ణ పొంగి పంట కొట్టుకుపోయిందనీ, శిస్తు కట్టలేక నలుగురిలో శిక్ష అనుభవించాడనీ చాటువుల్లో కథ వుంది. అందులో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో పండితులు తేల్చుకుంటారు. మన జనం ఆ కథను ఇన్ని వందల ఏళ్ళు ఎందుకు దాచుకున్నారో ఆలోచించండి. బంగారంతో స్నానం చేసిన వీపు మీదే రైతు బరువు పడిందన్న మాట వాళ్ళకు బాగా అర్థమైంది. అది తమ వీపు గనక.

*

ఇక దొనకొండకు వద్దాం.

గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే రైలెక్కితే నరసరావుపేట, వినుకొండ, కురిచేడు దాటాక దొనకొండ వస్తుంది. ఆ తరవాత గజ్జెలకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు. ఆ పైన నల్లమల. వాన తక్కువ నేల. ఈ దారిన రైలు రావడం వెనక పెద్ద కరువు వుంది. 1876-78లో దక్షిణాదిని ఊడ్చిపెట్టిన ఆ కరువును మనవాళ్ళు ధాత కరువన్నారు. కర్నూలు, బళ్ళారి ప్రాంతాల్లో జనం ఆకలికి రాలిపోతున్నారు. ధాన్యం ఒకచోట వున్నా ఇంకోచోటికి చేర్చే దారి లేదు. 1880లో కరువు కమిషను నివేదిక వచ్చాక కరువు నివారణకని రైలుమార్గాలు వేయడం మొదలుపెట్టారు. బళ్ళారి నుంచి కృష్ణ వరకూ వేసిన మీటరు గేజి లైను వాటిల్లో ఒకటి. అంటే దొనకొండకు చక్రం వచ్చిందే కిందపడి చచ్చిపోయినవాళ్ళ వల్ల.

వచ్చాక ఊరు పైకి లేచింది. ఆవిరి ఇంజనుకు ఆకలి దప్పికలు ఎక్కువ. కొంతదూరం పోగానే నీళ్ళు తాగాలి, బొగ్గు తినాలి, బూడిద దులుపుకోవాలి. డ్రైవరూ ఫైర్‌మనూ దిగి, కొత్తవాళ్ళు ఎక్కాలి. గుంటూరుకూ నంద్యాలకూ నడుమ ఆ పనికి దొనకొండ కుదిరింది. లోకో షెడ్డు వచ్చింది, రైల్వే క్వార్టర్లు వచ్చాయి, ఆ జీతాల మీద బతికే అంగళ్ళు వచ్చాయి. నెల మొదటివారంలో చేతినిండా రొక్కం ఆడే ఊరు మెట్ట ప్రాంతంలో ఎన్నని వుంటాయి! రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిషువారు అక్కడ విమానాలు దిగే మైదానం కూడా నడిపారు. చుట్టుపక్కల ఎద్దులబండి తప్ప ఎరగని పల్లెలవాళ్ళు తలెత్తితే విమానం కనిపించిందన్నమాట. బండ్లు ఓడలవడమంటే అదే మరి.

యుద్ధం అయిపోయింది. మైదానం పచ్చిక మొలిచి మిగిలిపోయింది. ఆవిరి ఇంజన్ల స్థానంలో డీజిలువి వచ్చాయి. వాటికి నీళ్ళ మజిలీ అక్కర్లేదు. 1990లలో మీటరు గేజి తీసేసి బ్రాడ్ గేజి వేశారు. పట్టాల మధ్య దూరం వెయ్యి మిల్లీమీటర్ల నుంచి 1676 మిల్లీమీటర్లయింది. భాగ్యచక్రం తిరగడమంటే ఏదో దేవరహస్యమనుకుంటాం గాని, దొనకొండ విషయంలో దాని కొలత 676 మిల్లీమీటర్లు! రైళ్ళు వేగం పెంచుకున్నాయి, ప్రయాణికులకు మేలయింది. షెడ్డుకు మాత్రం పని లేకుండా పోయింది. ఉద్యోగాలు వేరే ఊళ్ళకు వెళ్ళాయి, ఉద్యోగాలతో కుటుంబాలు వెళ్ళాయి. ఆ కుటుంబాలకు పాలు పోసినవాళ్ళూ, బట్టలు ఉతికినవాళ్ళూ, అరువిచ్చిన అంగడివాళ్ళూ వెళ్ళడానికి బదిలీ ఉత్తర్వులు ఎవరిస్తారు? వాళ్ళు అక్కడే వుండిపోయారు.

2014లో చక్రం మళ్ళీ కదిలింది. జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని ఎక్కడన్నది ప్రశ్న. కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ ఊళ్ళు తిరుగుతుండగా, ప్రభుత్వ భూములు విస్తారంగా వున్నాయన్న కారణంతో దొనకొండ పేరు పత్రికలకు ఎక్కింది. ఇక చూసుకోండి! మెట్ట చేలగట్ల మీద కార్లు ఆగాయి. ఎకరం ధర వారం వారం మారింది. తరతరాలుగా కందీ సజ్జా తప్ప ఏమీ ఇవ్వని నేల ఒక్కసారి బంగారమయిపోయినట్టు కనిపించింది. బిడ్డ పెళ్ళికనో, అప్పు తీరుతుందనో తొందరపడి అమ్మినవాళ్ళున్నారు. ఇంకా పెరుగుతుందని బిగపట్టినవాళ్ళున్నారు. పెరిగిన ధరకు అప్పుచేసి కొన్నవాళ్ళూ వున్నారు. ఆగస్టు నెలాఖరుకు కమిటీ నివేదిక వచ్చింది. సెప్టెంబరు 4న, రాజధాని విజయవాడ పరిసరాల్లో అని ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. మర్నాటి నుంచి దొనకొండ చేలగట్ల మీద కారు లేదు. ఆ మూడు నెలల్లో పాత పేకముక్క మీది నలుగురూ ఆ ఊళ్ళో కనిపించారు. ఎక్కేవాడు, కూర్చున్నవాడు, జారేవాడు, మోసేవాడు.

రాజధాని వచ్చినవాళ్ళు మాత్రం సుఖపడ్డారా అంటే, వాళ్ళనూ చక్రం వదల్లేదు. 2015 అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. రైతులు ముప్పైవేల ఎకరాల పైచిలుకు ఇచ్చారు. 2019 చివర మూడు రాజధానుల మాట వచ్చింది, 2020లో చట్టమయింది, 2021లో ఆ చట్టాన్ని వెనక్కు తీసుకున్నారు, 2024లో ప్రభుత్వం మారి పనులు మళ్ళీ మొదలయ్యాయి. భూములిచ్చిన ఇల్లాళ్ళు దీక్షా శిబిరాల్లో ఎన్నేళ్ళు కూర్చున్నారో మనమంతా చూశాం.

*

ఇప్పుడు ఆ ఫ్రెంచి ముక్క మీది పిడి సంగతి గుర్తు చేసుకోండి. చక్రం వుంది, పిడి వుంది, తిప్పే చెయ్యి కనిపించదు. మన భాషలో ఆ చెయ్యికి మాట వుంది. "ఫలానా ఆయన ఢిల్లీలో చక్రం తిప్పాడు" అంటాం. అంత తేటగా చెప్పగల భాష మనది. అయినా అదే చక్రం కింద మన చెయ్యి నలిగినప్పుడు మాత్రం, "నుదుటి రాత" అంటాం. తిప్పినవాడికేమో ఘనత, నలిగినవాడికేమో రాత!

గేజి మార్చాలన్నది ఎక్కడో కార్యాలయంలో జరిగిన నిర్ణయం. మంచి నిర్ణయమే, కాదనను. షెడ్డు మూసినప్పుడు ఆ ఊరికి బదులేమిటన్నది కూడా నిర్ణయమే కావలసింది. దాన్ని మాత్రం విధికి వదిలేశారు. రాజధాని పేరు బయటికి పొక్కి మూడు నెలలపాటు ఔననీ కాదనీ చెప్పకుండా నానడం గ్రహచారం కాదు. నీళ్ళ మాటే చూడండి. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సొరంగాలు తవ్వి పడమటి ప్రకాశానికి నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన అయింది. సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. ఆనాటికి కూడా కాలవల్లో నీళ్ళు పారలేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి మోకాళ్ళు వంగిపోయిన ముసలివాళ్ళు ఆ పడమటి మండలాల్లో వున్నారు. చేతులూ మోకాళ్ళూ నేలకానించి వంగిన ఆ మిలాన్ ముసలాయన బొమ్మను తలుచుకుంటే నాకు వాళ్ళే గుర్తుకొస్తారు.

అలాగని విధి అన్న మాటను మన ఆడవాళ్ళ నోట్లోంచి లాగేసుకోవాలని నేననను. మొగుడు పోయిన ఇల్లాలికి, పంట పోయిన తల్లికి, "చక్రం తిరుగుతుందమ్మా, ఇది ఎల్లకాలం వుండదు" అన్న మాట ఒక్కొక్కసారి అన్నం కంటె ముందు కావలసిన మాట. యక్షుడు భార్యకు పంపిన కబురు అందుకే అంత బాగుంటుంది. అది చెప్పినవాడు కూడా అదే కష్టంలో వున్నాడు గదా. తనూ కిందనే వుండి, కింద వున్న మనిషికి చెప్పుకున్న మాట అది. పైన కూర్చున్నవాడు దాన్నే అందుకుని, "ఓపిక పట్టండి, మీకూ ఓ రోజొస్తుంది" అన్నాడనుకోండి, అప్పుడతని చెవుల వంక ఓసారి చూడాలి. మిలాన్ చిత్రకారుడు మనకు నేర్పింది ఆ చూపే.

ఆ ప్రాంతంలోనే మార్కాపురం వుంది. మనలో చాలామంది అక్షరాలు దిద్దుకున్న రాతి పలకలు అక్కడివే. నేల పొరల్లోంచి తీసిన రాతిని పలచగా చీల్చి, నునుపుచేసి, చెక్క చట్రం బిగించి దేశమంతా పంపారు. ఆ పలకతో ఒక సుఖం వుంది. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. నుదుటి రాత తుడవడానికి లేదని అంత గట్టిగా నమ్మిన జనమే, తుడిచి తిరగరాసుకునే పలకను ఇన్ని లక్షల మంది పిల్లల చేతుల్లో పెట్టారు.

అంచేత, సెల్‌ఫోన్‌లోనో, కుర్చీ వేసుకు కూర్చున్న టారో అమ్మాయి దగ్గరో మీకెప్పుడైనా ఈ పదో నెంబరు ముక్క వస్తే, మంచి దశా చెడ్డ దశా అని అడగండి, తప్పేం లేదు. అడిగాక బొమ్మను ఇంకోసారి చూడండి. స్ఫింక్స్ వుంటుంది, పాము వుంటుంది, మబ్బులు వుంటాయి. చక్రం కింద మాత్రం ఖాళీగా వుంటుంది. అక్కడ ఎవరుండాలో ఇప్పుడు మీకు తెలుసు.